పక్క పడవ వాళ్ళకి కాదని ఎలా చెప్పాలి?

ఈ వారం ఉత్తరం ఇటలీలోని సిసిలీ నుంచి వచ్చింది. రాసినావిడకి నలభై నాలుగేళ్ళు. పుట్టిల్లు కాకినాడ. పెళ్ళయ్యాక డబ్లిన్‌లో స్థిరపడి, అక్కడే ఉద్యోగాలు చేసుకుని, భార్యాభర్తలిద్దరూ ఐర్లండ్ పౌరసత్వం తీసుకున్నారు. ఒక్కడే కొడుకు, గాల్వేలో డిగ్రీ చదువుతున్నాడు. అబ్బాయి కాలేజీలో చేరగానే భర్త ఎన్నాళ్ళుగానో మనసులో పెట్టుకున్న కోరిక బయటపెట్టారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, దాచుకున్న డబ్బుతో పదకొండున్నర మీటర్ల పాత తెరచాప యాట్ ఒకటి కొన్నారు. అప్పటి నుంచి అదే ఇల్లు. ఆయన ఆన్‌లైన్‌లో చేసే పనితో ఖర్చులు వెళ్ళిపోతున్నాయి. వేసవిలో గ్రీసు పశ్చిమాన ఉన్న అయోనియన్ దీవుల్లో తిరుగుతారు. చలికాలం సిసిలీ దక్షిణ తీరంలోని మరీనా ది రగూజా ఊరి మెరీనాలో, అంటే పడవల రేవులో, పడవ కట్టేసుకుని ఉంటారు. ఇది వాళ్ళకి అక్కడ రెండో శీతాకాలం.

"సముద్రమంటే నాకు భయం లేదండీ, మనుషులతోనే వేగలేకపోతున్నాను" అని మొదలుపెట్టారు. పక్క పడవలో రిటైరైన ఒక ఉత్తర ఐరోపా జంట ఉంటుంది. మొదటి చలికాలంలో ఒక అర్ధరాత్రి వీళ్ళ పడవ అడుగున నీళ్ళు చేరితే, పక్కాయన వానలో తడుస్తూ వచ్చి పంపు బాగుచేశారట. ఈవిడకి జ్వరం వస్తే ఆయన భార్య దగ్గరుండి డాక్టరుకి చూపించారట. ఆ తర్వాత వేసవంతా రెండు పడవలూ కలిసే తిరిగాయి. ఏ దీవిలో ఆగాలో వాళ్ళే చెప్పేవారు. సాయంత్రం ఆరయ్యేసరికి గ్లాసులు పట్టుకుని వచ్చేసేవారు. ఇప్పుడు మెరీనాలో పరిస్థితి ఇంకా ముదిరింది. ఉదయం పడవలవాళ్ళంతా రేడియోలో ఊసులు చెప్పుకునే వేళ, ఈవిడని అడక్కుండానే "శుక్రవారం ఇండియన్ నైట్" అని ప్రకటించేస్తున్నారు. ఇరవై మందికి వంట. సంక్రాంతికి ఇద్దరికే నాలుగు అరిసెలు వేసుకుందామనుకుంటే పాంటూన్ (పడవలు కట్టే తేలే వంతెన) మీద ఉన్న అందరికీ చేయాల్సి వచ్చిందట.

వసంతంలో మళ్ళీ కలిసే బయల్దేరాలని వాళ్ళ ప్లాను. ఈవిడకి ఇష్టం లేదు. ఆ మాట అంటే భర్త, "దారిలో ఇంజన్ ఆగిపోతే మనకెవరున్నారు?" అంటున్నారు. దీనికి తోడు ఇంకో గుట్టు. కాకినాడలో ఉన్న అమ్మకీ, రాజమండ్రిలో ఉన్న అత్తమామలకీ వీళ్ళు పడవలో ఉంటున్న సంగతి తెలియదు. సముద్రం పక్కన ఫ్లాట్ అని చెప్పారు. అందుకే వీడియో కాల్ వస్తే ఈవిడ మెరీనాలోని బట్టలుతికే గదికి పరుగెత్తుతారు. ఇప్పుడు అత్తమామలు మే నెలలో వస్తామంటున్నారు. "భరించాలా, తెగేసి చెప్పాలా, లేకపోతే అబ్బాయికి దగ్గరగా డబ్లిన్ వెళ్ళిపోవాలా?" ఇదీ ప్రశ్న.

నేను కూడా కొన్నేళ్ళు పడవలో కాపురం చేసినదాన్నే. కాబట్టి మీరు రాయనివి కొన్ని కూడా నాకు కనబడుతున్నాయి. చలికాలం పొద్దున్నే పరుపు కింద చెమ్మ, కిటికీల మీంచి కారే నీళ్ళు, ఒక డబ్బా తీయాలంటే ముందు మూడు డబ్బాలు బయట పెట్టాల్సి రావడం, సిరోకో గాలి వచ్చిన మర్నాడు సహారా ఎర్రమట్టితో నిండిపోయిన డెక్ కడుక్కోవడం. వీటి మీద మీరు ఒక్క ఫిర్యాదూ చేయలేదు. అంటే పడవ జీవితం మీకు సరిపడలేదన్న మాట నిజం కాదు. మీవారితో మాట్లాడేటప్పుడు మొదట ఇదే చెప్పండి. భార్య ఏ ఇబ్బంది చెప్పుకున్నా, "అయితే పడవ అమ్మేద్దామంటావా" అన్న మాటే వినబడుతుంది చాలామంది మగవాళ్ళకి. ఆ భయం తీసేస్తే గానీ మిగతాది ఆయన చెవికెక్కదు.

మీ ఉత్తరంలో మూడు సమస్యలున్నాయి గానీ, నాకు మాత్రం మూడింటి వేరూ ఒకచోటే కనబడుతోంది. పడవ కొనాలన్నది ఆయన కోరిక. దారి గీసేది పక్కవాళ్ళు. భోజనానికి ఎవరు వస్తారో రేడియోలో విని తెలుసుకుంటున్నారు. ఇంట్లోవాళ్ళకి ఫ్లాట్ అని చెప్పమన్నది కూడా మీవారే అని రాశారు. మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యంలో, లంగరేసినప్పుడు ఒడ్డుకి తీసుకెళ్ళే చిన్న మోటారు పడవ గురించి, "డింగీ నాకు నడపడం రాదు, ఒడ్డుకి వెళ్ళాలంటే ఆయనకి తీరిక చిక్కాలి" అన్నారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. మీరు ఉంటున్న చోట మిమ్మల్ని అడిగి జరుగుతున్నది ఏదీ లేదు. పక్కావిడ రేపు పడవ అమ్ముకుని వెళ్ళిపోయినా ఇది మారదు. ఇంకో పడవ వచ్చి ఆ చోటులో కట్టుకుంటుంది.

ముందు ఆ పక్క జంట సంగతి చూద్దాం. పడవల మీద స్నేహాలు ఎందుకంత తొందరగా చిక్కబడతాయో ఆలోచించారా? అక్కడ అందరూ పెళ్ళివారి విడిదిలో దిగినట్టు ఉంటారు. గోడలు పలచన, స్నానాలగది ఉమ్మడి, ఎవరు ఎప్పుడు లేచారో అందరికీ తెలుస్తుంది. ఎవరి చుట్టాలూ ఊళ్ళో ఉండరు. ఒకరి తాడు తెగితే పక్కవాడి పడవకి దెబ్బ, అందుకని ఒకరి కష్టం ఒకరికి పట్టక తప్పదు. పైగా మీ రేవులో చలికాలం ఉండేవాళ్ళలో చాలామంది రిటైరైనవాళ్ళు. వాళ్ళకి సాయంత్రాలు పొడుగు. మీకు మాత్రం పగలు ఆయన మీటింగులు జరుగుతుంటే చప్పుడు చేయకుండా కూర్చోవడం, సాయంత్రం అతిథులకి వండడం. మీ ఇద్దరికీ అంటూ మిగిలింది ఏముంది?

ఆవిడ మిమ్మల్ని వాడుకుంటున్నారని మీరు రాశారు. నాకు అలా అనిపించడం లేదు. జ్వరంలో దగ్గరుండి చూసుకున్న మనిషి వంటమనిషి కోసం స్నేహం చేసి ఉండరు. మీరు ఇష్టంగా చేస్తున్నారనే ఆవిడ నమ్మకం. ఎందుకంటే మీరు ఒక్కసారి కూడా కాదనలేదు. మనం "చూద్దాంలెండి" అని ముఖం పక్కకి తిప్పుకుంటే కాకినాడలో పక్కింటావిడకి అర్థమైపోతుంది. ఉత్తర ఐరోపా వాళ్ళకి అది అర్థం కాదు. వాళ్ళు తమలో తాము సూటిగా కాదనుకుంటారు, మర్నాడు మామూలుగా పలకరించుకుంటారు. అందుకని మీరు "ఈ శుక్రవారం నేను వండడం లేదు" అంటే చాలు. కారణం చెప్పకండి. తలనొప్పి అంటే పై వారానికి జరుపుతారు. గ్యాస్ అయిపోయిందంటే సిలిండర్ పట్టుకొస్తారు, నిజంగానే పట్టుకొస్తారు. ఆ తర్వాత కాదనడం ఇంకా కష్టం.

సాయం చేసినవాళ్ళకి ఎదురు చెప్పడం ఎలా అని మీకు బెంగ. సముద్రం మీద చేసే సాయానికి అప్పు లెక్క ఉండదండీ. ఆపదలో ఉన్న మనిషిని కాపాడడం నావికుడి బాధ్యత అని అంతర్జాతీయ చట్టమే చెబుతుంది. పంపు బాగుచేయడం అంత పెద్ద విషయం కాకపోయినా పడవలవాళ్ళ అలవాటు అక్కడి నుంచి పుట్టిందే. ఎవరో మీకు చేశారు, మీరు రేపు కొత్తగా వచ్చిన ఇంకెవరికో చేస్తారు. వడ్డీ కింద ఇరవై మందికి పులిహోర కలపక్కర్లేదు.

వంట మీద ఇంకొంచెం ఉంటాను, ఎందుకంటే అది చిన్న విషయంగా తీసేస్తారని నాకు తెలుసు. పడవలో రెండు పొయ్యిల మీద, ఊగే స్టవ్ మీద, అడుగున్నర బల్ల మీద ఇరవై మందికి వండడం ఇంట్లో వంద మందికి వండినంత పని. రేవులో ఉంటే నీళ్ళ కుళాయి ఉంది కాబట్టి సరిపోతోంది. లంగరేసుకున్నప్పుడు అదే జరిగితే మీ ట్యాంకులో మూడు నాలుగు రోజులకి దాచుకున్న నీళ్ళు ఆ గిన్నెలకే అయిపోతాయి. మీవారు తలూపే ముందు ఈ లెక్క చూశారా? వండిపెట్టడం మీకు ఇష్టమే అని మీ అక్షరాల్లో తెలుస్తోంది. అడక్కుండా ప్రకటించడమే మిమ్మల్ని బాధపెట్టింది. అయితే దాన్నే మార్చండి. చలికాలం ముగిసేలోగా ఒక్క రోజు మీరే ఎంచుకోండి, రేడియోలో మీ గొంతుతో మీరే చెప్పండి. ఎవరి పళ్ళెం వాళ్ళే తెచ్చుకోవాలి, తలా ఒక వంటకం తేవాలి, ఉల్లిపాయలు తరగడానికి ముగ్గురు ముందే రావాలి. మీరు చేసేది ఒక్క పులిహోరే. మిగతా శుక్రవారాలకి ఇంకెవరైనా పూనుకుంటారు, లేదా మానేస్తారు. మానేస్తే మీ పరువు పోదు.

సాయంత్రం ఆరింటికి రావడం గురించి. పడవల మర్యాదలో ఎవరైనా సరే పిలవకుండా పడవెక్కకూడదు. పక్కన నిలబడి కేకేయాలి, లేదా పడవ పక్కని తట్టాలి, లోపలివాళ్ళు రమ్మన్నాకే చెప్పులు విప్పి కాలు పెట్టాలి. మీవాళ్ళు చనువు కొద్దీ అది దాటేశారు. మీకు మనుషులు వద్దనిపించిన సాయంత్రం వెనకవైపు దిగే పలకని పైకి లేపేయండి. దాన్ని చూసి అర్థం చేసుకునేవాళ్ళే ఎక్కువ. అర్థం కాకపోతే ఒకసారి నోటితో చెప్పండి, "పలక పైకి ఉంటే మేము పనిలో ఉన్నట్టు". వారంలో ఏ రెండు సాయంత్రాలు బయటివాళ్ళకి, ఏవి మీకు అన్నది ముందు మీ ఇద్దరి మధ్య తేలాలి. ఆయనకి జనం కావాలి, అది తప్పు కాదు. ఆ రెండు కాక ఆయనకి ఇంకా కావాలనిపిస్తే వాళ్ళ పడవకి వెళ్ళి కూర్చోవచ్చు. మీరు రాకపోతే ఏమనుకుంటారో అన్న మొహమాటం మొదట్లో ఉంటుంది, పోతుంది.

ఇక అసలు చిక్కు, ఇంజన్. మీవారి మాటని మీరు మొండితనం అనుకున్నారు. నాకైతే అందులో భయం వినబడింది. ఆయనకి తన ఇంజన్ మీద ధీమా లేదు. పక్కాయన ఉంటే నిద్ర పడుతుంది. అది ఒప్పుకోవడం ఇష్టం లేక స్నేహం పేరు చెబుతున్నారు. ఈ భయం న్యాయమైనదే. సిసిలీ తూర్పు తీరంలోని సిరాక్యూస్ దాటితే అయోనియన్ దీవులు చేరడానికి మీ సైజు పడవకి రెండు పగళ్ళు, రెండు రాత్రులు పడుతుంది, మధ్యలో ఆగే చోటు లేదు. అందుకని "వాళ్ళు వద్దు" అని మొదలుపెడితే ఆయన భయం పెరుగుతుంది. "ఇంజన్ ఆగితే మనం ఏం చేస్తాం?" అని మీరే అడగండి. జవాబు ఇద్దరూ కలిసి వెతకండి.

ఆ జవాబు మీరు భయపడుతున్నంత పెద్దది కాదు. చిన్న డీజిల్ ఇంజన్లు దారిలో ఆగిపోయేది ఎక్కువగా ఇంధనంలో చెత్త వల్లో, గొట్టంలో గాలి చేరడం వల్లో, లేదా చల్లబరిచే సముద్రపు నీటిని లాగే పంపులో రబ్బరు రెక్కల చక్రం పాడవడం వల్లో. అలలు లేచినప్పుడు ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కదిలి ఫిల్టరుకి అడ్డం పడుతుంది. ఫిల్టరు మార్చడం, గాలి తీయడం, ఆ రబ్బరు చక్రం మార్చడం నేర్చుకుంటే చాలా సందర్భాలు దాటేయొచ్చు. చలికాలం పడవ కట్టేసి ఉంది, రేవులో మెకానిక్కులున్నారు. ఒక మెకానిక్కుకి రోజు కూలీ ఇచ్చి, పని ఆయన చేయకుండా మీ ఇద్దరి చేతా చేయించమనండి. మీ ఇద్దరి చేతా అని గట్టిగా అంటున్నాను. పైగా మీది తెరచాప పడవ. ఇంజన్ ఆగినా గాలి ఉంటే కదులుతుంది.

ఇక్కడ మీ భద్రత గురించి ఒక మాట. మీరు ఇద్దరే ఉండే పడవ. రాత్రి ఆయన కాలు జారి నీళ్ళలో పడితే పడవని ఆపడం, వెనక్కి తిప్పడం, సాయం పిలవడం అన్నీ మీరే చేయాలి. పడవలవాళ్ళు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో మీద మూత కింద ఎర్ర బటన్ ఉంటుంది. దాన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆపద సంకేతం వెళ్తుంది. తర్వాత 16వ చానల్‌లో నోటితో చెప్పాలి. ఇది మీకు వచ్చా? జీపీఎస్‌కి కలిపి ఉంటేనే పడవ ఎక్కడుందో దానంతట అది వెళ్తుంది, మీదానికి కలిపారో లేదో ఈ రాత్రే చూడండి. డింగీ నేర్చుకోవడానికి చలికాలం రేవుని మించిన చోటు లేదు, అల ఉండదు, పడవల రద్దీ ఉండదు. మోటారుని ఆపే ఎర్ర తాడు కాలికో చేతికో తగిలించుకోకుండా ఎప్పుడూ నడపకండి. మీవారు నేర్పితే మంచిదే, కానీ భర్త దగ్గర నేర్చుకునేటప్పుడు సగం సమయం గొడవలకే పోతుంది. పాంటూన్ మీద ఇంకెవరైనా ఆడవాళ్ళని అడగండి. ఆ పక్కావిడనే అడిగినా తప్పు లేదు. ఐరిష్ సెయిలింగ్ వాళ్ళకీ, బ్రిటన్‌లోని యాటింగ్ సంఘం ఆర్‌వైఏ వాళ్ళకీ కాంపిటెంట్ క్రూ, డే స్కిప్పర్ అని సుమారు ఐదేసి రోజుల కోర్సులున్నాయి. అబ్బాయిని చూడడానికి వెళ్ళినప్పుడు వేరే పడవ మీద, వేరే గురువు దగ్గర ఒకటి చేసి రండి. వచ్చాక మీ పడవలో మీ మాట బరువు మారుతుంది. ఒడ్డున కూరగాయల సంతకి ఎవరినీ అడక్కుండా మీరే వెళ్ళొచ్చిన రోజు, పక్కవాళ్ళ మీద మీకున్న చిరాకు సగం తగ్గిపోతే నాకు ఆశ్చర్యం లేదు.

వసంతానికి మీ ముందు దారులు ఇవి. మొదటిది, ఆ రెండు రాత్రుల ప్రయాణం వరకు వాళ్ళతో కలిసి వెళ్ళి, దీవులు చేరాక విడిపోవడం. వాళ్ళు కెఫలోనియా వైపు తిరిగితే మీరు ఇథాకా, లెఫ్కడా వైపు తిరగవచ్చు. నెలకోసారి ఎక్కడైనా కలుసుకోవచ్చు. మీవారి భయానికి మందు దొరుకుతుంది, స్నేహం తెగదు. కానీ ఇది ఇప్పుడే, రేవులో ఉండగానే చెప్పాలి. దీవి చేరాక చెబితే వదిలించుకున్నట్టు ఉంటుంది. ఆవిడ కొంత చిన్నబుచ్చుకోవచ్చు. ఓ వారం సరిగ్గా మాట్లాడకపోవచ్చు. ఆ వారాన్ని తట్టుకోవడానికి సిద్ధపడి ఉండండి, బెంగపడి రెండో రోజే వెళ్ళి "అయితే కలిసే వెళ్దాం" అనకండి.

రెండోది, మొదటి నుంచీ విడిగా బయల్దేరడం. ఇంజన్ పనీ మీ శిక్షణా పూర్తయితేనే ఇది మంచిది. ఏప్రిల్‌కి అవి పూర్తి కాకపోతే బయల్దేరడం ఆలస్యం చేయండి. పంతానికి వెళ్ళే ప్రయాణం మీకొద్దు.

మూడోది పడవలవాళ్ళలో చాలా మామూలు విషయం. మనవైపు వాళ్ళకే వింతగా ఉంటుంది. పొడుగు ప్రయాణం ఆయన తోడుగా ఇంకో నావికుణ్ణి పెట్టుకుని చేస్తారు. మీరు సిసిలీలోనే ఉన్న కటానియా నుంచి విమానంలో డబ్లిన్ వెళ్ళి, అబ్బాయితో కొన్ని వారాలు గడిపి, గ్రీసులో ప్రెవెజాలోనో కోర్ఫూలోనో పడవ కలుసుకుంటారు. మొగుడూ పెళ్ళాం విడిపోయారని ఎవరూ అనుకోరు. డబ్బు ఖర్చు అవుతుంది. రెండో సంగతి, రాత్రి ప్రయాణం మీరు ఎప్పటికీ నేర్చుకోకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.

డబ్లిన్‌కి శాశ్వతంగా వెళ్ళిపోవడం నాలుగోది. వద్దని నేను అనను. కానీ మీ ఉత్తరంలో డబ్లిన్ మీద ప్రేమ ఎక్కడా కనబడలేదు. రగూజా ఇబ్లా మెట్ల గురించి, మోదికా చాక్లెట్ గురించి, దీవుల్లో తెల్లవారుజామున ఒక్కరే ఈదడం గురించి మాత్రం రాశారు. గొడవ తప్పించుకోవడానికి వెళ్ళాలనుకుంటున్నట్టుంది. అక్కడ అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో మీకు నాకంటే బాగా తెలుసు. అబ్బాయికి కూడా ఇప్పుడు వాడి ప్రపంచం వాడికుంది, అమ్మ వచ్చి దగ్గర్లో ఉంటే సంతోషిస్తాడో, తన వల్లే అమ్మానాన్నలు విడిగా ఉంటున్నారని కుంగుతాడో ముందు వాణ్ణి అడగండి. ఏ నిర్ణయమైనా జనవరి, ఫిబ్రవరి నెలల్లో తీసుకోకండి. చలికాలపు చెమ్మలో పడవ ఎవరికీ ముద్దు రాదు. ఇంకో విషయం, మీరు అడగకపోయినా చెబుతున్నాను. దరఖాస్తు ద్వారా ఐర్లండ్ పౌరసత్వం పొందినవాళ్ళు ఏడేళ్ళు వరసగా దేశం బయట ఉంటే, ఏటేటా పౌరసత్వం ఉంచుకుంటామని నమోదు చేసుకోకపోతే, అది రద్దయ్యే వీలు చట్టంలో ఉంది. ఆ కాగితం పని ఇద్దరూ మొదలుపెట్టండి.

ఇప్పుడు అమ్మ సంగతి. "చెబితే ప్రాణం మీదకి తెచ్చుకుంటుంది" అన్నారు. కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి ఆవిడ. 1996 నవంబరు తుఫాను ఆ తీరాన్నే కొట్టింది. వేటకి వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎంతమందో, ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకి తెలుసు. కాబట్టి ఆవిడ భయాన్ని చాదస్తం కింద తీసేయకండి. "ఏం కాదులే అమ్మా" అనకండి. 2024 ఆగస్టులో ఇదే సిసిలీలో, పోర్టిచెల్లో దగ్గర లంగరేసి ఉన్న పెద్ద విలాసనౌక బేయీజియన్ గాలివానకి మునిగి ఏడుగురు చనిపోయారు. ఆ వార్త తెలుగు టీవీల్లో కూడా వచ్చే ఉంటుంది. మీరు సిసిలీలో పడవలో ఉన్నారని ఇంకెవరి ద్వారానో ఆవిడ విన్నారనుకోండి, ఆవిడకి మొదట గుర్తొచ్చేది అదే. మీరు దాచారన్న బాధ దానికి తోడవుతుంది.

చెప్పడానికి ఇదే మంచి సమయం. పడవ కదలకుండా రేవుకి కట్టి ఉంది, ఏప్రిల్ దాకా ఎక్కడికీ పోదు. వీడియో కాల్ చేసి ముందు వంటగది చూపించండి, దేవుడి పటం ఎక్కడ పెట్టుకున్నారో చూపించండి, పడుకునే చోటు చూపించండి. ఆ తర్వాత బయటికి వచ్చి తాళ్ళు చూపించండి. మీరు ఏ నెలల్లో కదులుతారో, వాతావరణ సూచన చూడకుండా బయల్దేరరనీ, పడవకి తగిలించుకునే పట్టీ, ఒంటి మీద లైఫ్ జాకెట్ లేకుండా రాత్రి డెక్ మీదకి రారనీ చెప్పండి. అవి నిజమైతేనే చెప్పండి. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. "నువ్వు భయపడతావని" అంటే సరిపోదు, "తప్పు చేశాను" అనండి. కొన్నాళ్ళు రోజూ ఫోన్ చేసి ఎక్కడున్నావని అడుగుతారు. మీరు విసుక్కోకుండా పోర్టు పేరు చెప్పండి. అబద్ధం మోయడం కంటే ఆ ఫోన్లు తేలిక.

అత్తమామల విషయంలో ఆలోచించే సమయం ఇంకా తక్కువ. ఇటలీ రావాలంటే వాళ్ళకి షెంజెన్ వీసా (చాలా ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) కావాలి. దరఖాస్తులో ఎక్కడ దిగుతారో రుజువుతో చూపించాలి, కనీసం ముప్పై వేల యూరోల వైద్య బీమా ఉండాలి. ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. లేని ఫ్లాట్ అడ్రసు ఆ కాగితం మీద ఎలా రాస్తారు? రాజమండ్రిలో చెప్పిన మాట ఇక్కడికి వచ్చి ఆగిపోతుంది. అందుకని ఈ కబురు అత్తగారికి మీవారే చెప్పాలి, ఫ్లాట్ అన్న మాట ఆయనదే కాబట్టి. "కోడలు పడవలో ఉంటోంది" అని కాకుండా "మేమిద్దరం ఉంటున్నాం" అని చెప్పాలి. మీరు పక్కన కూర్చోండి చాలు.

చెప్పాక వాళ్ళు వస్తామంటే, మరీనా ది రగూజా ఊళ్ళోనే రెండు వారాలకి ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకోండి. మే నెలలో ఇంకా పర్యాటకుల రద్దీ ముదరదు. డెబ్బై దాటినవాళ్ళని రాత్రిళ్ళు సన్నపలక ఎక్కించి, చేత్తో పంపు కొట్టే టాయిలెట్ వాడమనడం వాళ్ళకీ కష్టం, మీకూ నరకం. పగలు పడవకి తీసుకురండి, డెక్ మీద కూర్చోబెట్టి టీ ఇవ్వండి. గాలి లేని ఒక ఉదయం రేవు దాటి గంటసేపు తిప్పి తీసుకురండి. అయితే దీని వల్ల మీ గ్రీసు ప్రయాణం జూన్‌కి జరుగుతుంది. పక్కవాళ్ళు ఏప్రిల్‌లో బయల్దేరతారు. నిజానికి ఇది మీకు కలిసొచ్చేదే, అత్తమామలు వస్తున్నారంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ సాకు చాటున దాక్కుని ఊరుకోకండి, శుక్రవారం వంట గురించి, సాయంత్రాల గురించి ఆవిడతో అనాల్సినది అనేయండి. లేకపోతే అక్టోబరులో మళ్ళీ అదే పాంటూన్ మీద, అవే పక్క పడవలు.

మీవారితో మాట్లాడేటప్పుడు లోపల కూర్చుని కాకుండా ఒడ్డుకి తీసుకెళ్ళి మాట్లాడండి. పడవలో ప్రతి మాటా పక్కకి వినబడుతుంది. బీచ్ పొడుగునా నడుస్తూ చెప్పండి. ఆయన ఇంజన్ పని నేర్చుకోవడానికి ఒప్పుకుని, ఆరింటి అతిథుల సంగతికి మాత్రం "నీకు మనుషులంటే పడదు" అని కొట్టిపారేస్తే, ఒక నెలపాటు ఎవరినీ పిలిచే ముందు మిమ్మల్ని అడగమని మాత్రం అడగండి. అంతకంటే ఏమీ వద్దు. ఆ నెలలో ఆయన ఎన్నిసార్లు అడిగారో, మీరు ఎన్నిసార్లు సరేనన్నారో చూసుకుంటే, మీకు మనుషులంటే పడదో, అడక్కపోవడమంటే పడదో ఇద్దరికీ తెలుస్తుంది. నెల తర్వాత కూడా ఆయన అడగడం మొదలుపెట్టకపోతే, ఆ డబ్లిన్ టికెట్ సంగతి మళ్ళీ ఆలోచిద్దాం. అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయండి.